వాడుకకు రెండు కొసలు

‘కెనాన్ వాడు.’ ఈ రెండు మాటలే కాగితం మీద రాసి, ముందూ వెనకా ఏమీ చెప్పకుండా చూపిస్తే తెలుగు తెలిసినవాళ్ళకు మూడు అర్థాలు తోస్తాయి. ‘కెనాన్ వాడు కొత్త బాడీ దింపాడు’ అన్నప్పుడు వాడు కంపెనీ. ‘మొన్నటి పెళ్ళికి వచ్చింది కెనాన్ వాడు, నిన్నటి పెళ్ళికి వచ్చింది నికాన్ వాడు’ అన్నప్పుడు వాడు ఫోటోగ్రాఫరు. ‘నా మాట విను, కెనాన్ వాడు’ అన్నప్పుడు అది క్రియ, సలహా. సరుకు తయారుచేసేవాడికీ, దాన్ని చేత పట్టేవాడికీ, ఆ పట్టడానికీ ఒకే రూపం కుదిరింది.

కుదరడం యాదృచ్ఛికమే. మొదటి రెంటిలో ఉన్నది సర్వనామం. పాత అచ్చు పుస్తకాల్లో దానికి అరసున్న ఉండేది, ‘వాఁడు’ అని. ఒకనాటి ‘వాండు’లోని నిండు సున్నకు మిగిలిన గుర్తు అది. మూడోది వేరే ధాతువు. అరసున్న ముందు నోటిలోంచి, తర్వాత అచ్చులోంచి పోయాక రెండూ ఒకటిగా కనబడుతున్నాయి. పువ్వు వాడడం మళ్ళీ ఇంకొకటి. తమిళులు కూడా వడిలిపోవడాన్ని ఆ మాటతోనే చెప్తారు. అందుకే ‘వాడిన లెన్సు’ అంటే ఒకరి చేతిలో పనిచేసి వచ్చినదా, వన్నె తగ్గినదా అన్నది ఆ మాట ఒక్కటే తేల్చలేదు. మన కెమెరా కొట్లలో ‘సెకండ్ హ్యాండ్’ అంత గట్టిగా పాతుకుపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

నేను పట్టుకున్నది ఆ మూడో ‘వాడు’ను, దాని నుంచి వచ్చిన ‘వాడుక’ను. ఒక కంపెనీ కెమెరాను ఏళ్ళ తరబడి వదలకుండా ఉండడం గురించీ, ఒకరోజు వదిలేసి ఇంకో కంపెనీకి వెళ్ళడం గురించీ మనం మాట్లాడుకునేటప్పుడు వచ్చే పెద్ద పెద్ద మాటలకన్నా ఈ చిన్న మాటకే ఆ విషయం బాగా తెలుసునని నా నమ్మకం.

‘వాడకం’ వేరు, ‘వాడుక’ వేరు. వాడకానికి లెక్క ఉంటుంది. కరెంటు వాడకం యూనిట్లలో, నీటి వాడకం లీటర్లలో తేలుతుంది. కెమెరా వాడకం తేల్చడానికి షట్టర్ కౌంట్ ఉంది. పాత బాడీ కొనేవాడు మొదట అడిగేది అదే. వాడుక అలా తేలదు. వాడుక పేరు, వాడుక భాష, వాడుక దారి: వీటన్నిటిలోనూ ఉన్నది ఎన్నిసార్లు అన్న లెక్క కాదు, పదిమందికీ స్థిరపడిపోయిన తీరు. ఒక మనిషి ఒక్కడే ఉన్నా అలవాటు ఉంటుంది. అలవడడం మనిషి లోపల జరిగే పని. వాడుకకు మాత్రం అవతల ఇంకొకరు ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు బడిలో, పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని అన్నేళ్ళు పోరాడింది ఒక మనిషి అలవాటు కోసం కాదు, నలుగురి మధ్య చెల్లుబాటు అవుతున్న మాటకు ఉన్న హక్కు కోసం.

ఈ ‘అవతల ఇంకొకరు’ అన్న సంగతి పాల వాడుకలో ఇంకా స్పష్టం. ‘పాలకు వాడుక పెట్టుకున్నాం’ అంటాం. రోజూ తెల్లారేసరికి పోసేవాడు పోయాలి, పోయించుకునేవాళ్ళు గిన్నె పెట్టాలి, నెల తిరిగేసరికి డబ్బు ముట్టాలి. ఒకరోజు పాలు నీళ్ళయితే ఇవతలివాళ్ళు అడుగుతారు. డబ్బు ఆలస్యమైతే అవతలివాడు అడుగుతాడు. వాడుక మానేయడం ఏ పక్షం నుంచైనా జరగవచ్చు. కన్నడంలో ‘వాడికె’ అంటే ఆచారం, పరిపాటి. తమిళంలో ‘వాడిక్కై’ అంటే అలవాటుతో పాటు ఒకే చోట ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు కూడా. దాని మీదనే ‘వాడిక్కైయాళర్’ అన్న మాట నిలిచింది, మన బ్యాంకులు ఖాతాదారు అనే మనిషిని అక్కడ పిలిచేది ఆ మాటతోనే. తెలుగులో కొనే మనిషిని తెలంగాణ కొట్లలో ‘గిరాకీ’, కోస్తా కొట్లలో ‘బేరం’ అంటారు. ‘పొద్దుట్నుంచి గిరాకీ లేదు’, ‘ఇవాళ బేరాలు లేవు’. అవి ఒక పూట కొనుగోలుతో తీరిపోయే మాటలు. వాడుక పూటతో తీరదు. తెలుగు వికీపీడియాలో పనిచేసేవారు తమను తాము ‘వాడుకరి’ అని పిలుచుకున్నారు. మంచి మాట ఎంచుకున్నారని నాకు అనిపిస్తుంది.

ఇక బజారు పండితుల మాట ‘బ్రాండ్ లాయల్టీ’. బ్రాండ్ అంటే మొదట కాల్చి వేసిన గుర్తు, పశువు ఒంటి మీది వాత. లాయల్ అన్నది లాటిన్ ‘లేగాలిస్’ పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన రూపం. చట్టం అనే అర్థమున్న ‘లెక్స్’ దానికి మూలం. అదే మాట నేరుగా వచ్చి ‘లీగల్’ అయింది. ప్రభువుకు ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండే బంటు నీతి అందులో ఉంది. మన పత్రికల వ్యాపార పేజీలు దాన్ని ‘బ్రాండ్ విధేయత’ అని రాస్తుంటాయి. విధేయత అంటే చెప్పినట్టు నడవడం; అర్జీ చివర ‘ఇట్లు తమ విధేయుడు’ అని రాసేవాడి స్థితి. ఇంకొందరు ‘విశ్వాసం’ అంటారు. అది దేవుడి ముందు, యజమాని ముందు, శాసనసభలో బలపరీక్ష రోజున పనికొచ్చే మాట. ఈ రెంటిలోనూ బాధ్యత అంతా కొనేవాడి నెత్తినే ఉంది. కంపెనీ ఎవరికి విధేయం? ఎవరిపట్ల విశ్వాసం? ఆ మాటల్లో ఆ ప్రశ్నకు చోటే లేదు. కెమెరా మార్చినవాడు మాట తప్పినవాడవుతాడు, లెన్సు బిగించే మౌంట్ మార్చిన కంపెనీ మాత్రం ముందడుగు వేసినదవుతుంది. నాకు అభ్యంతరం ఇక్కడే.

కెమెరాల గురించి జరిగే వాదులాటలకు తెలుగులో సరైన మాట ‘అభిమానం’. సినిమా హీరోల పుణ్యాన మనకు బాగా తెలిసిన మాట. తెలుగులో అది ఆప్యాయత వైపు ఒరిగింది గాని, సంస్కృతంలో దాని మొదటి బరువు ‘నేను, నాది’ అనుకోవడం మీద ఉంది. సాంఖ్యులు అహంకారానికి లక్షణం చెప్పవలసి వచ్చినప్పుడు అభిమానమనే చెప్పారు. నల్ల పట్టీ మీద పసుపు అక్షరాలో తెల్ల అక్షరాలో మెడలో వేలాడుతూ ఉంటే, అవతలి కంపెనీని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు తనను తగ్గించినట్టు అనిపించడం అభిమానం. దానికీ వాడుకకూ పొత్తు లేదు. ఒకే కెమెరాతో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇంకో కంపెనీ మాట ఎత్తని పెద్దవాళ్ళలో చాలామందికి ఈ అభిమానం ఉండదు. వాళ్ళది వాడుక.

కెనాన్, నికాన్ కంపెనీల మధ్య తరతరాల వైరం ఉందనుకునేవారు తొలి రోజుల సంగతి ఒకటి తెలుసుకోవాలి. 1934లో టోక్యోలో కొద్దిమంది చేసిన నమూనా కెమెరా పేరు ‘క్వానన్’. కరుణకు అధిదేవతగా జపాన్ బౌద్ధులు కొలిచే కన్నన్ పేరు అది. ఆ కన్నన్ చైనా మీదుగా వెళ్ళిన మన అవలోకితేశ్వరుడే. ‘అవలోకనం’ మనకు ఇంకా వాడుకలో ఉన్న మాటే గనక, చూసే యంత్రానికి ఆ పేరు పెట్టాలని తోచడం నాకు ముచ్చటగా ఉంటుంది. మరుసటి ఏడాదికి పేరు ‘కెనాన్’ అయింది. 1936లో బజారుకు వచ్చిన హాన్సా కెనాన్ అనే తొలి కెమెరాకు లెన్సు చేసి ఇచ్చింది నిప్పన్ కోగాకు, అంటే ‘జపాన్ దృక్ శాస్త్రం’. 1917లో పుట్టిన ఆ కంపెనీ పేరు కుదించగా వచ్చిందే ‘నికాన్’. లెన్సు మాత్రమే కాదు, లెన్సును బిగించే మౌంట్ కూడా వాళ్ళదే. కెనాన్ తొలి కెమెరా మీద ఉన్నది నికాన్ వాళ్ళ నిక్కోర్ లెన్సు!

ఆ కాలంలో లెన్సుకూ బాడీకీ మధ్య దారులు ఇంకా మూసుకుపోలేదు. 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ జపాన్‌లో ఉన్నప్పుడు జున్ మికి అనే జపాన్ ఫోటోగ్రాఫర్ నిక్కోర్ లెన్సుతో ఆయన బొమ్మ తీశాడు. ఆ పదును చూసి డంకన్ నిప్పన్ కోగాకు కార్ఖానాకు వెళ్ళాడు, ఆ లెన్సులు తీసుకున్నాడు, కొద్దిరోజులకే మొదలైన కొరియా యుద్ధాన్ని తన జర్మన్ లైకా బాడీకి అవి బిగించి తీశాడు. లైకా వాడుక వదలలేదు, నికాన్ వాడుక మొదలుపెట్టాడు. 39 మిల్లీమీటర్ల మర ఉన్న లెన్సులు అప్పట్లో చాలా కంపెనీలు చేసేవి కాబట్టి అది సాధ్యమైంది. ‘మారడం’ అన్న మాట ఆయన చేసిన పనికి సరిపోదు.

సరిపోయే కాలం తర్వాత వచ్చింది. ప్రతి కంపెనీ తన మౌంట్ తనకు చేసుకుంది. 1959లో నికాన్ ఎఫ్, 1971లో కెనాన్ ఎఫ్‌డీ. మౌంట్ అంటే చూడడానికి ఒక లోహపు కంకణం. అసలు విషయం దానికీ ఫిల్ముకూ మధ్య ఉండే దూరం. నికాన్‌కు అది 46.5 మిల్లీమీటర్లు, ఎఫ్‌డీకి 42. లెన్సు ఆ దూరానికి సరిపెట్టి చేసి ఉంటుంది. దూరం మారితే దూరపు కొండ మీద ఫోకస్ కుదరదు.

1987 మార్చిలో కెనాన్ ఈఓఎస్ 650తో ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. దూరం 44 మిల్లీమీటర్లు. పాతదానికన్నా రెండు ఎక్కువ. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గాని, తక్కువ దూరానికి చేసిన లెన్సును ఎక్కువ దూరం ఉన్న బాడీకి ఉత్త కంకణంతో బిగించడం కుదరని పని. మధ్యలో గాజు పెట్టాలి. అలాంటి కన్వర్టర్ ఒకటి కెనాన్ తానే చేసింది, అదీ కొన్ని టెలిఫోటో లెన్సులకు మాత్రమే. అదే నికాన్ లెన్సుది 46.5 గనక, రెండున్నర మిల్లీమీటర్ల కంకణం వేస్తే చాలు, కొత్త కెనాన్ బాడీ మీద కూర్చుంటుంది. ఫోకస్, అపర్చర్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. పదహారేళ్ళు ఎఫ్‌డీ లెన్సులు కూడబెట్టుకున్నవాడికి తన కంపెనీ కొత్త బాడీ మీద ఎదుటి కంపెనీ లెన్సుకు దొరికినంత చోటు కూడా దొరకలేదు. 1986లోనే కెనాన్ టీ90 అనే చక్కని ఎఫ్‌డీ బాడీ తెచ్చింది. దాన్ని నమ్మి కొన్నవాళ్ళకు ఏడాది తిరిగేసరికే దారి ముగిసింది.

ఇక్కడ వాడుక మానింది ఎవరు? లాయల్టీ భాషలో ఈ ప్రశ్న అడగడం కూడా కుదరదు. వాడుక భాషలో జవాబు తేలిక: పోసేవాడు మానాడు.

అయినా కెనాన్‌ను తప్పుపట్టి ఊరుకుంటే అది సగం మాటే అవుతుంది. పాత మౌంట్ నోరు 48 మిల్లీమీటర్లు, కొత్తది 54. పాతదానిలో బాడీకీ లెన్సుకూ మధ్య కబురు మీటలతో నడిచేది. కొత్తదానిలో అంతా విద్యుత్తుతో. ఫోకస్ మోటారును బాడీలో కాకుండా ప్రతి లెన్సులోనూ పెట్టారు. దాని ఫలితం మైదానాల గట్ల మీద కనిపించింది. పెద్ద టెలిఫోటోలో చప్పుడు లేకుండా క్షణంలో ఫోకస్ కుదిరే అల్ట్రాసోనిక్ మోటార్ కోసం ఆటల ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది నికాన్ వదిలి కెనాన్‌కు వెళ్ళారు. 1990లలో ఏ పెద్ద పోటీ చూసినా బంతి వెనక వరుసలో తెల్ల గొట్టాలే. ఎండకు లెన్సు వేడెక్కకుండా వేసిన తెల్ల రంగు అది. పాత వాడుకను తెంచడం వల్లనే ఆ కొత్త పనితనం వచ్చింది. ఒక పాలాయన ఊళ్ళో ఉన్న వాడుకలన్నీ మానేసి డెయిరీ పెట్టుకున్నాడనుకోండి. మెరుగైన పాలు దొరకవచ్చు, కాని గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు జరిగింది జరగలేదని ఎవరూ అనకూడదు.

నికాన్ దారి వేరు. 1977లో ఎక్స్‌పోజర్ మీటర్‌కు అపర్చర్ సంగతి తెలిపే పద్ధతి మార్చినప్పుడు, పాత లెన్సులను తీసుకొచ్చిన వాళ్ళకు అపర్చర్ రింగు మార్చి కొత్త పద్ధతికి సరిచేసి ఇచ్చింది. మౌంట్ అలాగే ఉంచింది. ఆటోఫోకస్ వచ్చినప్పుడు కూడా మౌంట్ మార్చకుండా బాడీలో మోటారు పెట్టి, చిన్న మర కడ్డీతో లెన్సును తిప్పించింది. దానివల్ల వేగంలో వెనకబడింది. లెన్సుల్లో మోటారు మామూలయ్యేసరికి 1990లు వచ్చాయి. ఆ వెనకబాటు వాడుక నిలబెట్టడానికి కట్టిన వెల. 2017లో వచ్చిన డీ850 మీద 1977 నాటి లెన్సు బిగించి మీటర్ చూసి ఫోటో తీయవచ్చు. నలభై ఏళ్ళ తేడా ఉన్న రెండు వస్తువులు ఒకదాని కోసం ఇంకొకటి చేసినట్టు కలవడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. అయితే అంతా నిండు కథ కాదు. 2006లో డీ40 నుంచి చవక బాడీల్లో మోటారు తీసేశారు. 2018లో జెడ్ కెమెరాలతో ఇచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ అది లేదు. మర కడ్డీతో నడిచే లెన్సులు వాటి మీద కూర్చుంటాయి గాని ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. వాడుక ఒక్కసారే తెగలేదు, పోగు పోగుగా తెగింది.

పొలాల మధ్య ‘వాడుక దారి’ గురించి తగువులు పడినప్పుడు 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం చెప్పేది ఒకటుంది. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా, బహిరంగంగా ఆ దారిన నడిచి ఉంటే అది హక్కు అవుతుంది. పొలం ఇంకొకరిదైనా సరే. వాడుక కాలక్రమంలో హక్కుగా ముదురుతుందన్న ఊహ మన పల్లెలకు కొత్త కాదు, న్యాయస్థానాలకూ కొత్త కాదు. మౌంట్‌కు అలాంటి చట్టం ఎక్కడా లేదు. ఉండాలని నేను అనడం లేదు. కాని ‘నేను ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాను’ అని ఒక ఫోటోగ్రాఫరు కంపెనీతో అన్నప్పుడు అందులో ఉన్నది బతిమాలడం కాదు. ఆ దారి తగువులో ఉన్న న్యాయం లాంటిదే ఉంది.

వాడుక చేతికి ఎక్కే తీరు చూడాలి. దానికి తెలుగులో ‘వాటం’ అనే మంచి మాట ఉంది: కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం. కెమెరా ముఖాన్ని మన వైపు తిప్పి పెట్టుకుంటే నికాన్ లెన్సు గడియారం ముల్లుకు ఎదురు తిరిగి బిగుస్తుంది. కెనాన్, సోనీ లెన్సులు ముల్లు వెంట తిరిగి బిగుస్తాయి. ఫోకస్ రింగు, జూమ్ రింగు తిరిగే వైపులు కూడా నికాన్‌కూ కెనాన్‌కూ ఎదురెదురు. నికాన్ పాత మౌంట్ జర్మనీ కాంటాక్స్ పద్ధతిలో మొదలైతే, కెనాన్ తర్వాత లైకా మర పద్ధతి పట్టుకుంది. నేటి వేళ్ళు ఎనభై ఏళ్ళనాటి ఆ చీలికను మోస్తున్నాయి. పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళ అడ్డుతెర దిగగానే వధూవరుల చూపులు కలిసే గడియ రెండు మూడు క్షణాలే. పురోహితుడు ఆగడు, మేళం ఆగదు, చుట్టాలు తోసుకుంటూ ఉంటారు. అప్పుడు బొటనవేలు ఏ చక్రం ఎటు తిప్పాలో ఆలోచించకూడదు. ఆలోచిస్తే ఆ ఫోటో లేదు. కొత్త కంపెనీకి వెళ్ళినవాళ్ళు మొదటి సీజన్‌లో పోగొట్టుకునేది ఇలాంటి క్షణాలే. డబ్బు నష్టం లెక్కకు అందుతుంది. ఈ నష్టం ఆల్బంలో లేని పేజీ కనుక ఎవరికీ కనబడదు.

ఇంకో ముడి కూడా ఉంది. మన ఊళ్ళలో ఈ పని చాలామందికి కాలేజీలో రాదు, ఒక స్టూడియోలో చేరి లైటు పట్టుకోవడంతో మొదలవుతుంది. యజమాని చేతిలో ఏ కెమెరా ఉంటే కుర్రవాడి చేయి దానికే తిరుగుతుంది. సొంతంగా పెట్టుకున్న రోజున అదే కంపెనీ బాడీ కొంటాడు. ఎందుకంటే ముహూర్తం పెద్దదైతే గురువుగారి దగ్గర డెబ్బై–రెండు వందల లెన్సు అడిగి తెచ్చుకోవచ్చు, లెన్సు మొరాయిస్తే పక్క ఊరి స్నేహితుడిది బిగించవచ్చు, హైదరాబాద్ కోఠీలోనో విజయవాడలోనో అద్దెకు తెచ్చినది సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పెళ్ళి తీసినప్పుడు రంగులు ఒకేలా వస్తాయి. ఇందులో ఎక్కడుంది కంపెనీ పట్ల విశ్వాసం? ఉన్నదంతా మనుషుల మధ్య అరువు, బదులు, నమ్మకం. ఒకడు కంపెనీ మార్చాడంటే ఆ అరువు వలయంలోంచి బయటికి వచ్చాడన్నమాట. మార్చడానికి జంకేవాళ్ళను ‘కొత్తదనం ఒప్పుకోరు’ అని తీసిపారేసేవాళ్ళు ఈ ముడిని చూడరు.

మార్చినవాళ్ళు దాన్ని ఏ మాటతో చెప్పుకుంటారు? పార్టీ మార్చిన నాయకుణ్ణి ‘ఫిరాయించాడు’ అంటాం. కెమెరా మార్చిన మనిషి గురించి ఆ మాట నా చెవిన పడలేదు. ‘సోనీకి షిఫ్ట్ అయ్యాను’ అంటారు. ‘షిఫ్ట్’ మన నోట ఇల్లు మారడానికి వాడే మాట: ‘పోయిన నెలే షిఫ్ట్ అయ్యాం’. సామాను సర్దాలి, కొన్ని అమ్మాలి, కొన్ని విరుగుతాయి, కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్ దొరకదు. అంతేగాని పాత ఇంటికి ద్రోహం చేసినట్టు కాదు. పనిచేసేవాళ్ళు ఎంచుకున్న ఈ మాటలో అపరాధం లేదు, శ్రమ ఉంది. పండితుల మాటకన్నా ఇది నిజాయితీగల మాట.

సోనీ కథలో వాడుక మరో విధంగా పనిచేసింది. మినోల్టా 1985లో తన పాత మౌంట్ వదిలి ఆటోఫోకస్ కోసం కొత్తది తెచ్చింది. 2006లో కోనికా మినోల్టా కెమెరాల పని మానుకున్నప్పుడు సోనీ దాన్ని తీసుకుని ఆ మౌంట్‌ను కొంతకాలం నడిపింది, తర్వాత మెల్లగా ఆపేసింది. 2010లో తెచ్చిన కొత్త ‘E’ మౌంట్ కెమెరాల లోపల అద్దం లేదు, కాబట్టి దూరం 18 మిల్లీమీటర్లకు తగ్గింది. 2013లో ఫుల్ ఫ్రేమ్ ఏ7 వచ్చింది. తగ్గిన దూరం అంటే ఎవరి లెన్సుకైనా అడాప్టర్‌తో చోటు. కెనాన్ లెన్సులు అమ్మకుండానే సోనీ బాడీ కొనుక్కుని వాటికి బిగించినవాళ్ళు ఎందరో; లెన్సు తర్వాత మెల్లగా మార్చుకున్నారు. డంకన్ లెన్సు మార్చి బాడీ ఉంచుకుంటే, వీళ్ళు బాడీ మార్చి లెన్సు ఉంచుకున్నారు. 2018లో నికాన్, కెనాన్ కూడా అద్దం తీసేసి కొత్త మౌంట్లు తెచ్చాయి, 16 మిల్లీమీటర్లు ఒకటి, 20 ఒకటి. ఈసారి కెనాన్ తన ఈఎఫ్ లెన్సులన్నీ ఆటోఫోకస్‌తో సహా పనిచేసే అడాప్టర్‌ను మొదటి రోజే ఇచ్చింది. 1987 అనుభవం అక్కడివాళ్ళు మరిచిపోలేదనే అనుకుంటాను.

2020 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ ప్రపంచమంతటా ఉన్న తన ఫోటోగ్రాఫర్లకూ వీడియో తీసేవాళ్ళకూ సోనీ కెమెరాలే ఇస్తున్నట్టు ప్రకటించింది. రెండు బృందాలకూ ఒకే సామాను ఉండాలన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. సంస్థకు అది కొనుగోలు నిర్ణయం. యుద్ధభూమిలో, ఎన్నికల సభలో నిలబడే మనిషికి మాత్రం వాటం మొదటి నుంచి నేర్చుకోవడం. సంస్థ ఒక్క సంతకంతో మారుతుంది. వేళ్ళు తమ వేగంతోనే మారతాయి.

వాడుక మొదలుపెట్టేవాళ్ళు చూసుకోవలసిన సంగతి ఒకటుంది: దారి ఎవరికి తెరిచి ఉంది? సోనీ 2011లో తన మౌంట్ వివరాలను లెన్సులు చేసే ఇతర కంపెనీలకు అందుబాటులో పెట్టింది. చవక లెన్సులు, అరుదైన లెన్సులు దానికి వచ్చినన్ని మరోదానికి రాకపోవడానికి అది ముఖ్య కారణం. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కు తలుపు చాలాకాలం మూసే ఉంది. ఇతరుల ఆటోఫోకస్ లెన్సులను 2022లో అడ్డుకుంది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా చిన్న సెన్సర్ కెమెరాలకు పనికొచ్చే లెన్సులతోనే మొదలు. పెళ్ళిళ్ళు తీసి అప్పు తీర్చుకోవలసిన కుర్రవాడికి ఈ తేడా వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో తేలుతుంది. సంస్థల మెగాపిక్సెళ్ళ పోటీకన్నా వాడి బతుకుకు ఇది దగ్గరి విషయం. దీని గురించి మన దగ్గర చర్చ చాలా తక్కువ.

1987లో దిక్కులేనివైన ఎఫ్‌డీ లెన్సుల సంగతి చెప్పి ఆపుతాను. వాటి దూరం 42 మిల్లీమీటర్లని చెప్పాను కదా. అద్దం లేని కెమెరాల దూరం 16, 18, 20. ఇప్పుడు లెక్క తిరగబడింది. మధ్యలో గాజు అక్కర్లేదు, ఉత్త కంకణం చాలు; సోనీ మీద, నికాన్ జెడ్ మీద, ఏళ్ళ తరబడి వాటిని దగ్గరికి రానివ్వని కెనాన్ కొత్త బాడీల మీద కూడా ఎఫ్‌డీ లెన్సు కొండ దాకా పదునుగా ఫోకస్ అవుతుంది. ఆ కంకణాలు ఎక్కువగా చేసింది కెనాన్ కాదు, చిన్న చిన్న అడాప్టర్ కంపెనీలు. అమ్మబోతే పిలిచి అడిగేవాళ్ళు లేని ఆ 50, ఆ 85, ఆ 135 లెన్సులను బీరువాలో పెట్టి ఉంచిన వాళ్ళు వాటిని తీసి తుడిచి మళ్ళీ బిగించుకున్నారు. సెకండ్ హ్యాండ్ బజారులో వాటికి మళ్ళీ ధర పలుకుతోంది, వీడియో తీసే కుర్రవాళ్ళు వెతికి మరీ కొంటున్నారు.